ప్రణయహాస్యంలో అబద్ధం: బిలాస్‌పూర్ నుంచి ఒక పరిశీలన

శృంగారం నుంచి హాస్యం పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో చెప్పినాడు. ఈ రెండు రసాలకు గల జన్యజనక సంబంధాన్ని మన ప్రబంధాలు అక్కడక్కడ వాడుకొన్నవి. నాటకరంగం అంతకంటె విరివిగా వాడుకొన్నది. చలనచిత్రం దానిని ఒక ప్రత్యేక శాఖగానే పెంచి పోషించినది. ప్రేమ ప్రధానమై, నవ్వు దానికి వాహనమై, వివాహంతోనో పునస్సమాగమంతోనో ముగిసే చిత్రాల నన్నింటినీ కలిపి ప్రణయహాస్యం అని పిలుచుకొందాము.

తెలుగులో ఈ శాఖ బలమైనది. వాటిలో చూడదగినవి ఏవి అని అడిగితే ప్రతి ఇంటా ఒక పట్టిక సిద్ధంగా ఉంటుంది. పాటలు బాగున్నవనీ, సావిత్రి బాగా నటించినదనీ, రేలంగి కడుపుబ్బ నవ్వించినాడనీ కారణాలు చెబుతారు. ఇవి అల్పమైన కారణాలు కావు. కాని ఒకసారి చూచి మరచిపోయే చిత్రానికీ, ముప్పది ఏండ్ల తరువాత మనుమలను కూర్చుండబెట్టి చూపదగిన చిత్రానికీ భేదం ఎక్కడున్నదో అవి చెప్పవు. ఆ భేదం తెలియడానికి ఒక చిన్న పరీక్ష చాలునని నా ఉద్దేశం. ప్రతి ప్రణయహాస్యంలోను ఒక అబద్ధం ఉంటుంది. ఎవరో మరొకరుగా నటిస్తారు. లేని పెళ్లి ఉన్నదంటారు. లేని పిచ్చి తెచ్చుకొంటారు. లేని పేదరికం చూపుతారు. ఆ అబద్ధం ఎందుకు పుట్టినది, అందులో స్త్రీకి భాగమున్నదా లేక ఆమెపైననే అది ప్రయోగింపబడినదా, నిజం ఆమెకు వేళకు తెలిసినదా అన్నవే ఆ పరీక్షలోని మూడు ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు నాకు స్ఫురింపజేసినది ఒక చిత్రం కాదు, ఒక రైలు స్టేషను.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు వలన పెరిగిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్ నుంచి ఆసన్సోల్ వరకు తన ప్రధానమార్గాన్ని నడిపించినది. కట్నీ వైపు పోయే శాఖ బిలాస్‌పూర్ వద్ద చీలింది. అర్పా నది ఒడ్డున ఉన్న ఊరికి పక్కనే క్వార్టర్లు, షెడ్డులు, ఆసుపత్రి, ఇన్స్టిట్యూటు కలిగిన మరొక ఊరు లేచినది. విజయనగరం నుంచి రాయపూర్ వరకు మార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ దూరం తగ్గినది. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా తెలుగువారు కుటుంబాలతో వచ్చి ఈ రైలు పట్టణాలలో స్థిరపడినారు. కంపెనీ రైల్వే 1944లో ప్రభుత్వానిదైనది. 1955లో ఆగ్నేయ రైల్వేగా రూపుదిద్దుకొన్నది. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. పేర్లు మారినవి గాని క్వార్టర్ల స్వభావం మారలేదు. ఒక వరుసలో బెంగాలీ, తెలుగు, తమిళం, ఛత్తీస్‌గఢీ, హిందీ మాట్లాడే ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉండడం రైల్వే కాలనీలకు సహజం.

ఈ స్టేషనుకు భారతీయ సాహిత్యంలో ఒక స్థానం ఉన్నది. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కథాకవిత ఉన్నది. ఆ మాటకు వంచన అని అర్థం. స్టేషను ఆ గౌరవాన్ని గుర్తించి కవితను ఫలకంపై ప్రదర్శించినది కూడ. అందులోని కథ సులభమైనది. ఇరువదిమూడేండ్ల బిను రోగగ్రస్తురాలు. గాలిమార్పు అవసరమని వైద్యులు చెప్పగా భర్త ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరుతాడు. అంతవరకు ఉమ్మడి కుటుంబంలో వారి దాంపత్యం దొంగచాటు మాటలతో, అరకొర చూపులతో గడిచినది. రైలెక్కిన తరువాతనే ఇద్దరూ మొదటిసారి ఒంటరిగా ఉన్నారు. ఆ రోగి ముఖంలో కొత్త పెళ్లికూతురి వెలుగు కనబడుతుంది. కిటికీలోనుంచి బిచ్చగాండ్రకు చేతికి వచ్చినంత వేస్తూ, లోకమంతా తనకు చుట్టమైనట్లు ఆనందిస్తుంది. బిలాస్‌పూర్‌లో బండి మారాలి, ఆరుగంటలు ఆగాలి. వెయిటింగ్ రూములో ఒక కూలీ భార్య రుక్మిణి పరిచయమవుతుంది. కూతురి పెళ్లి నగకు ఇరువదియైదు రూపాయలు కావాలని చెబుతుంది. ఆ సొమ్ము ఇమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు సరేనంటాడు, చాటుకు పిలిచి రుక్మిణిని బెదరిస్తాడు, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. భార్యకు మాత్రం ఇచ్చినానన్న నమ్మకం కలిగిస్తాడు. రెండు నెలలకు బిను మరణిస్తుంది. మరణించేముందు ఆ రెండు నెలలూ తన జీవితం నిండినదని కృతజ్ఞత చెబుతుంది. ఆ కృతజ్ఞతలో ఇరువదిమూడు రూపాయల మోసం మిగిలిపోయినది. భర్త తిరిగి బిలాస్‌పూర్‌కు వచ్చి రుక్మిణి కోసం వెదకుతాడు. ఆమె ఎటు పోయినదో చెప్పగలవారు లేరు.

ఈ కథలోని మొదటి సగం చదివి ఆపివేస్తే అది ప్రణయహాస్యానికి తగిన వస్తువు. కొత్తగా కలిసిన దంపతులు, ప్రయాణం, బండి మారే స్టేషను, ఉదారురాలైన భార్య, లోభియైన భర్త, ఒక చిన్న అబద్ధం. ఇదే పరిస్థితి మన చిత్రాలలో ఉంటే తరువాతి రీలులో రుక్మిణి మళ్లీ ఎదురవుతుంది, నిజం బయటపడుతుంది, భార్య అలుగుతుంది, భర్త చెవులు పట్టుకొంటాడు, సభ నవ్వుతుంది. ఠాకూరు ఆ తరువాతి రీలును తీసివేసినాడు. అబద్ధం వేళకు బయటపడితే హాస్యం. బయటపడకముందే విననలసిన మనిషి వెళ్లిపోతే విషాదం. రెండింటికీ బీజం ఒకటే.

మన ఆలంకారికులు ఎడబాటులోని శృంగారానికి విప్రలంభమని పేరు పెట్టినారు. ఆ మాటకు మూలార్థం వంచన. ప్రేమకూ మోసానికీ గల సామీప్యం ఆ పదంలోనే నిక్షిప్తమై ఉన్నది. మన సాహిత్యంలో అది రెండు దారులుగా నడచినది. మనుచరిత్రలో వరూధినిని ఇదివరకు కోరి భంగపడిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. కన్నులు మూసుకొనుమని ఆమెకు నియమం పెడతాడు. వరూధినికి నిజం తెలియనే తెలియదు. ఆ ఘట్టంలో పెద్దన చూపిన చమత్కారాన్ని ఎంత మెచ్చుకొన్నా, పుస్తకం మూసిన తరువాత మనసులో ఒక ముల్లు మిగులుతుంది. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలో కూడ నాయకుడు మారువేషంలోనే వస్తాడు. నటుల మేళంతో కలిసి వజ్రపురిలో ప్రవేశిస్తాడు. కాని అతడెవరో ప్రభావతికి శుచిముఖి అనే హంస ద్వారా ముందే తెలుసు. మోసపోయినవాడు వజ్రనాభుడు, కోటతలుపులు మూసుకొన్న తండ్రి. మొదటి వేషం స్త్రీపైన వేసినది; రెండవ వేషం స్త్రీకోసం, ఆమె ఎరుకలో వేసినది. మొదటిదానిలో ఆశ్చర్యమున్నది, రెండవదానిలో ఆనందమున్నది.

1892లో మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కం ఈ రెండవ దారిని మన కాలానికి తెచ్చినది. మహేశం ఆడపిల్ల వేషంలో లుబ్ధావధానులుకు భార్య కావడం పచ్చి అబద్ధం. సుబ్బిని రక్షించడానికి అంతకంటె మార్గం లేదు. చివర సౌజన్యారావు పంతులు ఇంటికి పురుషవేషంలో వచ్చిన మధురవాణి తానెవరో తానే చెబుతుంది. వేషం వేయడం ఎంత అవసరమో తీయడం కూడ అంత అవసరమని గురజాడకు తెలుసు. మన సినిమా హాస్యానికి మంచి లక్షణాలు ఏవైనా వచ్చి ఉంటే వాటిలో సగం ఈ నాటకం బిక్ష.

ఇక చిత్రాలకు వద్దాము. విజయా సంస్థవారి ‘మిస్సమ్మ’ 1955లో వచ్చినది. ఎల్. వి. ప్రసాద్ దర్శకుడు; చక్రపాణి కథ; పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు; సాలూరి రాజేశ్వరరావు సంగీతం; మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. కథకు మూలం బెంగాలీ. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’ నాటకం 1935లోనే బెంగాలీలో చిత్రమైనది. చక్రపాణి మదనపల్లె క్షయ ఆరోగ్యాశ్రమంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చి, శరత్‌బాబు నవలలను తెలుగు చేసినవాడు. పింగళివారు యౌవనంలో కొంతకాలం ఖరగ్‌పూర్‌లో ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని చేసి, ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలను తెలుగులోనికి తెచ్చినవాడు. బిలాస్‌పూర్ మీదుగా పోయే ఆ ఇనుపదారి సరుకులను మాత్రమే మోయలేదని దీనివలన తెలుస్తుంది. అదే కథ 1955లోనే తమిళంలో ‘మిస్సియమ్మ’ అయినది. 1957లో ప్రసాద్ దర్శకత్వంలోనే హిందీలో ‘మిస్ మేరీ’ అయినది. ఒక రైల్వే కాలనీలో నాలుగు భాషల ఇండ్లు ఈ కథ తమదని చెప్పుకొనడానికి హక్కు కలిగి ఉన్నవి. తెలుగు చిత్రం గురించి ప్రవాసంలో మాట్లాడేటప్పుడు మనం తరచు మన సొత్తు అని గర్విస్తాము. ‘మిస్సమ్మ’ విషయంలో పక్కింటి బెంగాలీ గృహిణికి కూడ కొంత వాటా ఇవ్వవలసి ఉన్నది. దానివలన మన గౌరవం తగ్గదు.

ఈ చిత్రంలో అబద్ధం ఆకలి నుంచి పుట్టినది. ఎం. టి. రావు, మేరీ ఇద్దరూ బి. ఏ. ప్యాసైన నిరుద్యోగులు. అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలంటాడు. మేరీ తండ్రి డేవిడ్‌కు బాకీ పడినాడు. బాకీకి బదులు డేవిడ్ మేరీని పెండ్లాడగోరుతున్నాడు. అందుచేత హిందువు రావు, క్రైస్తవురాలు మేరీ దంపతులుగా నటిస్తూ ఉద్యోగంలో చేరుతారు. ఈ ఒప్పందంలో ఇద్దరూ సమాన భాగస్వాములు. నిజానికి షరతులు విధించేది మేరీయే. ఆమె కోపం, ఆమె ముక్కుసూటితనం, తన మతాచారాన్ని దాచవలసి వచ్చినప్పుడు ఆమెకు కలిగే చిరాకు, ఇవి చిత్రానికి ఊపిరి. మొదట ఈ పాత్రకు భానుమతిని అనుకొని తరువాత సావిత్రిని తీసుకొన్నారు. సావిత్రి ఆ కోపాన్ని ఎక్కడా ముద్దు చేయలేదు. ఆమె కోపగించుకొన్నప్పుడు నిజంగా కోపగించుకొన్నది. అందువలననే రావు సీతతో చనువుగా ఉన్నప్పుడు ఆమెలో మొలకెత్తే అసూయ మనకు నమ్మదగినదిగా ఉన్నది. అబద్ధపు భార్య నిజమైన అసూయ పడడంలోని హాస్యం భరతుడు చెప్పిన శృంగారజన్యమైన హాస్యానికి చక్కని ఉదాహరణ.

మోసపోయినవారు జమీందారు దంపతులు. కాని వారికి జరిగిన నష్టం ఏమి? బడి చక్కగా నడిచినది. తప్పిపోయిన కూతురిపై గల ప్రేమను వారు మేరీపై కురిపించినారు. వారి వాత్సల్యం మేరీకి ఊపిరాడనివ్వదు. అందులోనే నవ్వు, అందులోనే నొప్పి. అబద్ధం చెప్పినందుకు ఆమె చెల్లించుకొన్న మూల్యం అది.

ఐనను ‘మిస్సమ్మ’లో ఒక లోపం ఉన్నదని చెప్పక తప్పదు. చివరికి మేరీయే జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని పుట్టుమచ్చ సాక్ష్యంతో తేలుతుంది. అంతవరకు రెండు మతాల మధ్య సాహసంగా నడిచిన కథ, పుట్టుకనే మార్చివేసి చిక్కును తప్పించుకొన్నది. మేరీ మేరీగానే ఉండి రావును పెండ్లాడి ఉంటే 1955లో సభ ఏమనేదో ఊహించవచ్చు. కాని ఆమెను పెంచిన క్రైస్తవ తల్లిదండ్రుల ప్రేమ, ఆమె నడిచిన మార్గం, ఆమె నమ్మిన దైవం ఒక మచ్చ ముందు ఇంత తేలిక కావడం పెద్ద అన్యాయం. రెండున్నర గంటలు అబద్ధాన్ని నిజాయితీతో నడిపిన చిత్రం చివర ఒక సౌకర్యవంతమైన నిజంతో ముగిసినది. అంత మంచి చిత్రమైనందువలననే ఈ లోపం ఎంచవలసి వస్తున్నది.

దీనికి మూడేండ్ల ముందు 1952లో అదే సంస్థ, అదే దర్శకుడు, చక్రపాణి రచనతోనే ‘పెళ్లి చేసి చూడు’ వచ్చినది. ఇక్కడ అబద్ధానికి కారణం వరకట్నం. కట్నం ముట్టలేదని మామగారు కోడలిని కాదంటాడు. కొడుకు పిచ్చివానిగా నటిస్తాడు. భార్య నర్సుగా అత్తవారింట ప్రవేశిస్తుంది. భార్యాభర్తలు తమ ఇంటిలోనే తాము దొంగలవలె కలుసుకోవలసి రావడం ఎంత నవ్విస్తుందో అంత సిగ్గుపరుస్తుంది. సిగ్గుపడవలసినది వారు కాదు, కట్నం అడిగిన ఇల్లు. అబద్ధం ఇక్కడ పీడితుల చేతిలోని ఆయుధం. ఆ ఆయుధాన్ని దంపతులిద్దరూ కలిసి పట్టుకొన్నారు. కట్నం నేరమని 1961లో చట్టం వచ్చినది. చట్టం వచ్చిన తరువాత కూడ ఈ చిత్రం పాతబడలేదంటే అది చిత్రానికి కీర్తి, మనకు అపకీర్తి.

ఇక 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’. తెలుగువారి పట్టికలన్నింటిలో ఇది మొదట ఉంటుంది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, డి. వి. నరసరాజు మాటలు, ఘంటసాల సంగీతం. కన్నడంలో 1958లో వచ్చిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి ఆధారం. సూర్యకాంతం గుండమ్మగా తెరపై ఉన్నంతసేపు కన్ను మరల్చుకోలేము. గయ్యాళితనంలో అమాయకత్వాన్ని, అమాయకత్వంలో దర్పాన్ని కలిపి చూపిన ఆ నటన తెలుగు హాస్యంలో ఒక శిఖరం. చిత్రం నవ్వించడంలో ‘మిస్సమ్మ’ను మించినదంటే నేను వాదించను.

కాని మన మూడు ప్రశ్నలు దీనిని కూడ అడగాలి. ఇక్కడ వేషాలు వేసినది ఎవరు? ధనవంతుని ఇద్దరు కొడుకులు. ఒకడు పనివాని వేషంలో గుండమ్మ ఇంట చేరి, సవతి తల్లి కింద నలుగుతున్న లక్ష్మిని చేపట్టుతాడు. తాను చేపట్టినవాడు ఎవరో లక్ష్మికి పెళ్లి తరువాతనే తెలుస్తుంది. ఆమెకు జరిగినది మేలు కనుక ఆ మోసాన్ని మన్నించవచ్చు. రెండవవాడు గర్వితురాలైన సరోజను పెండ్లాడి, తండ్రితో కలిసి నాటకం ఆడి, ఆస్తి లేనివానివలె ఇల్లు వెడలి, ఆమె చేత తోటపని చేయిస్తాడు. ఈ నాటకంలో సరోజకు పాత్ర ఉన్నది గాని ఎరుక లేదు. ఆమె మారడం కోసం ఆమెను మోసగించడం న్యాయమేనని చిత్రం నమ్ముతుంది. మనలను కూడ నమ్మిస్తుంది. జమున ఆ ఘట్టాలలో చూపిన తత్తరపాటును ఇప్పుడు మళ్లీ చూడండి. భర్త దరిద్రుడని తెలిసిన తరువాత కూడ అతని వెంట బయలుదేరిన క్షణంలోనే ఆమె పరీక్షలో నెగ్గినది. ఆ తరువాత జరిగినదంతా విజేతకు వేసిన శిక్ష. కలిగినవాడు లేనివానిగా నటించడం ఆట, ఎప్పుడైనా విరమించవచ్చు. ఎదుటివారికి అది ఆట అని తెలియదు. మాయాప్రవరుడు నియమం పెట్టినట్లు ఇక్కడ కూడ కన్నులు మూసుకొనవలసినది స్త్రీయే.

ఐనప్పటికీ ‘గుండమ్మ కథ’ చూడవద్దని నేను చెప్పను. నిజం చివరకు సరోజకు తెలుస్తుంది. అందరూ ఒకే ఇంటిలో కూడుకొంటారు. గుండమ్మకు కూడ ఆదరణ దొరుకుతుంది. వేళ మించిపోలేదు. కాని నవ్వుతున్నప్పుడు ఎవరి ఖర్చుమీద నవ్వుతున్నామో తెలిసి నవ్వాలి.

తరువాతి తరంలో జంధ్యాల, వంశీ ఈ శాఖకు కొత్త చిగుళ్లు తొడిగినారు. జంధ్యాల ‘శ్రీవారికి ప్రేమలేఖ’ 1984లో వచ్చినది. పొత్తూరి విజయలక్ష్మి నవల దానికి మూలం. ఒక యువతి తన ఊహలోని పురుషునికి వ్రాసిన ఉత్తరం ఎరుగని ఒక ఉద్యోగి చేతిలో పడుతుంది. అతడు ఆ చేతివ్రాతకు హృదయమిచ్చి వెదకసాగుతాడు. ఇక్కడ కల్పన స్త్రీది. లేని మనిషిని సృష్టించినది ఆమె. ఆ సృష్టికి సరిపోవడానికి పరుగెత్తవలసినవాడు పురుషుడు. మన ప్రణయహాస్యంలో ఈ తారుమారు అరుదైనది. కథ కూడ ఒక రచయిత్రి కలం నుంచి రావడం కాకతాళీయం కాదని అనిపిస్తుంది. 1987 నాటి ‘అహ నా పెళ్లంట’లో నాయకుడు పిసినారి తండ్రిని మెప్పించడానికి తాను అంతకంటె పిసినారినని నటిస్తాడు. కోట శ్రీనివాసరావు లక్ష్మీపతి పాత్ర సూర్యకాంతం గుండమ్మ పక్కన కూర్చుండదగినది. ప్రేయసికి ఈ నటన తెలుసు. వజ్రపురి కోటలోని ప్రభావతివలె ఆమె లోపలి మనిషి. అందువలన ఆ చిత్రంలోని అతిశయోక్తి ఎంత హద్దు మీరినా మనసుకు గుచ్చుకోదు.

వంశీ ‘లేడీస్ టైలర్’ 1986లో వచ్చినది. తొడపై పుట్టుమచ్చ ఉన్న స్త్రీని పెండ్లాడితే అదృష్టం పడుతుందని నమ్మిన దర్జీ, ఆ మచ్చ కోసం ఒకరి తరువాత ఒకరికి ప్రేమ నటిస్తాడు. ‘మిస్సమ్మ’లో సమస్యను తీర్చిన పుట్టుమచ్చ ఇక్కడ సమస్యను పుట్టించినది. నాయకుని అబద్ధం ఆశ నుంచి పుట్టినది, స్త్రీలపైననే ప్రయోగింపబడినది. మన పరీక్షలో మొదటి రెండు ప్రశ్నలలోను అతడు తప్పుతాడు. కాని అతని ఆట వలన గాయపడినవారిని చిత్రం దాచదు. చివరి భాగంలో నవ్వు సన్నగిల్లి అతనిని లెక్క అడుగుతుంది. గోదావరి ఒడ్డు గ్రామం, రాజేంద్రప్రసాద్ చలాకీతనం కోసం ఈ చిత్రానికి పోయినవారు ఆ లెక్క కూడ చూచి రావాలి.

హాస్యానికి ఇంత బరువు ఎందుకు, నవ్వుకొనడానికి పోయినవారికి నీతిపరీక్ష ఎందుకు అని ఒక ఆక్షేపణ రావచ్చు. అది సమంజసమైన ఆక్షేపణయే. దినమంతా ఇంజను వేడిలోనో ఆఫీసు కాగితాలలోనో అలసినవాడు రాత్రి ఇన్స్టిట్యూటులో తెర ముందు కూర్చున్నప్పుడు అతనికి కావలసినది విశ్రాంతి. నేను అడుగుతున్నది చిత్రం నీతి బోధించాలని కాదు. బోధించిన మరుక్షణం హాస్యం చచ్చిపోతుంది. ‘పెళ్లి చేసి చూడు’ కట్నంపై ఉపన్యాసంగా కాక పిచ్చివాని నటనగా మనకు గుర్తున్నది. నా మనవి వేరు. నవ్వు ఒక నమ్మకంపై నిలుస్తుంది. ఈ చిక్కు విడిపోతుంది, ఎవరికీ తీరని నష్టం జరగదు అన్న హామీ ఉన్నప్పుడే మనం నిర్భయంగా నవ్వగలము. ఆ హామీని రచయిత ఇవ్వాలి. మోసపోయిన మనిషికి నిజం వినే హక్కు, విని కోపగించే హక్కు, కోపగించి క్షమించే హక్కు మిగలాలి. క్షమించడం ఆమె చేతిలో ఉన్నప్పుడే చివరి పెళ్లిపందిరికి అర్థముంటుంది. ఇది నీతికి సంబంధించిన మాట ఎంతో, రసానికి సంబంధించిన మాట కూడ అంత.

ఈ దృష్టితో కొత్తగా చూడబోయేవారికి ఒక క్రమం సూచిస్తున్నాను. మొదట ‘పెళ్లి చేసి చూడు’, తరువాత ‘మిస్సమ్మ’; దంపతులు కలిసి ఆడిన అబద్ధం ఎంత మధురమో ఆ రెండూ చెబుతవి. ఆ తరువాత ‘గుండమ్మ కథ’. అదే మాధుర్యం ఒకవైపుకు ఒరిగితే ఏమవుతుందో తెలుస్తుంది. పిమ్మట ‘శ్రీవారికి ప్రేమలేఖ’, ‘అహ నా పెళ్లంట’; కల్పన స్త్రీ చేతికి వచ్చినప్పుడు, లేక ఆమె ఎరుకలో నడిచినప్పుడు నవ్వు ఎంత తేటపడుతుందో కనబడుతుంది. చివర ‘లేడీస్ టైలర్’. తప్పుచేసిన నాయకుని కూడ హాస్యం విచారించగలదని గ్రహించవచ్చు. ఇవన్నీ చూచిన తరువాత ‘ఫాంకి’ చదవండి. ముందుగా చదివితే అది ఒక విషాదకథ మాత్రమే. ఈ చిత్రాల తరువాత చదివితే, అందులోని భర్త మనం ఇంతసేపు చూచి నవ్విన నాయకులకు సహోదరుడని తెలుస్తుంది. వారికి దొరికిన గడువు అతనికి దొరకలేదు.

తెలుగు ప్రేక్షకుడు ఏ ఊరిలో ఉన్నా ఈ చిత్రాలను ఇంటి భోజనంవలె దాచుకొన్నాడు. బిలాస్‌పూర్ వంటి రైలు పట్టణాలలో పుట్టిన పిల్లలకు హిందీ బడిభాష, ఛత్తీస్‌గఢీ వీధిభాష. తెలుగు వారికి ఎక్కువగా వంటింటి మాటల ద్వారా, ఈ చిత్రాల సంభాషణల ద్వారా అందినది. అందువలన ఏ చిత్రాన్ని వారి చేతిలో పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. భాషతోపాటు భార్యాభర్తలు ఒకరితో ఒకరు ఎట్లా మెలగాలో కూడ వారు అందులోనే నేర్చుకొంటారు. పింగళివారి మాటల సొగసు వారికి అందాలి. మేరీ కోపంలోని గౌరవం కూడ అందాలి. ఆ రెండూ అందిన పిల్లవాడు పెద్దవాడై ఏనాడో తన భార్యతో బండి మారడానికి ఆ స్టేషనులో ఆరుగంటలు ఆగవలసి వచ్చినప్పుడు, ఆమె ఎవరికో ఇమ్మన్న ఇరువదియైదు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వస్తాడు. ఇవ్వలేకపోతే ఆ మాట ఆమెతోనే చెబుతాడు.